చెవి ఎండిన ఏడాది

సోమందేపల్లె,
6 ఆగస్టు 2023

అత్తా,

కుశలాలు తర్వాత అడుగుతాను. ముందు అసలు సంగతి. నా చెవి అతుక్కుంది.

మొన్న అనంతపురం వెళ్తే గంగాదేవి డాక్టరమ్మ లైటు వేసి చూసి, "పొర బాగా పట్టుకుందమ్మా, చిల్లు మూసుకుపోయింది" అన్నారు. మే నెలలో చెవి పైన కండ మీదినుంచి పల్చటి పొర తీసి లోపలి చిల్లుకు వేశారని చెప్తే, నువ్వు "బొంతకు అతుకేసినట్లేనా" అన్నావు కదా, ఆ అతుకే. తర్వాత అద్దాల గదిలో కూర్చోబెట్టి శబ్దాల పరీక్ష చేశారు. పూర్తిగా అందరిలా కాదుగానీ, దాదాపు అందరిలా వినపడుతోందట.

మన ఊళ్లో బోర్లన్నీ ఎండినా ఎండనిది చీము కారే దీని చెవి ఒక్కటే అని నాయన నవ్వేవాడు. ఇప్పుడు అదీ ఎండింది.

నాకు కొత్తగా వినపడేవి రాస్తాను, నవ్వకు. తల దువ్వుకుంటే వెంట్రుకల చప్పుడు. పక్కగదిలో ఎవరో చెప్పు విదిలించిన చప్పుడు. మా కంపెనీలో కార్ల సీటు కవర్లు కుట్టే మిషన్లు ఇంత రొద చేస్తాయని, ఏడాదిగా అక్కడే కుట్లు తనిఖీ చేస్తున్నా నాకు తెలీదు. (డిగ్రీ చదివి కుట్లు చూస్తోందని అందరికీ చెప్పొద్దు.) హాస్టల్ అమ్మాయిల మాటలూ వినపడుతున్నాయి. ఇన్నాళ్లూ ఏవో గొప్ప రహస్యాలు చెప్పుకుంటున్నారనుకున్నాను. బకెట్టు ఎవరు తీశారు, జీతం ఎప్పుడు పడుతుంది, అంతే. రేఖ అని మడకశిర పిల్ల ఉంది, నా గదే. లేచినప్పటి నుంచీ మాట్లాడుతుంది. నాతో కాదు. భోజనం దగ్గర నా పక్కన ఎప్పటిలాగే ఒక మనిషి పట్టేంత ఖాళీ. కిటికీ పక్క చివరి బల్ల నాదే.

ఇప్పుడు నీ సంగతి. ఆసుపత్రికి నాకు తోడొచ్చినప్పుడు డాక్టరమ్మ నీ ఎడమ చెవిలోకీ చూశారు కదా. నాది ఉత్త చిల్లు. నీది అది కాదట. లోపల పొరలు పొరలుగా కుళ్లు పేరుకుని ఎముకను తింటోందట. దాన్ని గీకి తీసేయాలి. చేయించుకో అత్తా. అప్పుడు ఈ కవర్లూ స్టాంపులూ మానేసి ఫోన్‌లో మాట్లాడుకోవచ్చు. ఇప్పుడు ఫోన్‌లో నేను అరిస్తే మీ వీధిలో అందరికీ వినపడుతుంది, నీకు తప్ప.

నీ
ఫరీన్


యాడికి,
17–8–2023

పాప ఫరీన్‌కు మస్తానాబీ అత్త రాసేది.

జాబు చేరింది. నీ చెవి అతుక్కున్నందుకు చక్కెర మీద ఫాతిహా సదివించి వీధి పిల్లోళ్లకు పంచినా. పక్కింటి ఆంజినమ్మ రెండుసార్లు చెయ్యి చాపింది. ఈడ వాన లేదు. శెనక్కాయ ఏసినోళ్లు మొగులు తిక్కు చూస్తాండారు, మొగులు కర్ణాటక తిక్కు పోతాండాది.

నాకు ఆపరేషన్ వద్దు. ఎముక గీకేటప్పుడు నరం తెగితే మూతి వంకర పోతాదని ఆంజినమ్మ చెప్పింది. వాళ్ల చిన్నాయన కొడుక్కు అట్లనే అయ్యిందంట, బీడీ తాగితే పొగ పక్క నుంచి పోతాదంట. నాకు బీడీ అలవాటు లేదులే. అయినా ఉండే మూతి ఉండనీ.

కుడి చెవి కాడ నోరు పెట్టి అరిస్తే రవ్వంత తెలుస్తాది. ఎడమది కారేది తప్ప ఇంగేమీ చేయదు. ఈ వయసులో కొత్తగా వినేదానికి ఏముండాది పాపా? మీ నాయన లారీ దిగి వచ్చి ఏమంటాడో మూతి చూస్తేనే తెలిసిపోతాది, అన్నం పెట్టక్కా అంటాడు.

బొంతలు బాగా వస్తాండాయి. పాత చీరలు మూటలు కట్టి ఇస్తాండారు. పీర్ల చావిడి అరుగు మీద నల్లమ్మ, ఆసియా, ఇంగో ఇద్దరు నాలుగు పక్కల కూచుని ఒక్కో బొంత కుడతారు. నాది నాకు ఇంటికే పంపిస్తారు. నా కుట్టు సన్నమంట, ఒంటిగా కుడితేనే బాగొస్తాదంట. నేనూ సరే అంటి.

నువ్వు నీళ్లు పోసుకునేటప్పుడు చెవిలో దూది పెట్టుకోవడం మరిచిపోవద్దు. దూదేకులోళ్ల ఇంట్లో పుట్టి దూదికి కరువు లేదు.

మీ అత్త
మస్తానాబీ


సోమందేపల్లె,
10 సెప్టెంబరు 2023

అత్తా,

ఆంజినమ్మ చిన్నాయన కొడుకు మూతి గురించి డాక్టరమ్మను అడిగాను. నవ్వలేదు. "నరానికి దెబ్బ తగలొచ్చు, కానీ అది అరుదు. చేయించుకోకపోతే ఆ కుళ్లే నరం దాకా పోతుంది, మెదడు దాకా కూడా పోతుంది. మీ అత్తకు తల తిరుగుతోందేమో అడుగు" అన్నారు. అడుగుతున్నాను. నిజం రాయి.

ఈ వయసులో వినడానికి ఏముందని రాశావు. నేను లేనా?

మా సూపర్‌వైజరు బయ్యన్న సంగతి చెప్తాను. నా బల్ల దగ్గరికొచ్చి, "ఏమప్పా డిగ్రీ పాపా, కుట్టు వంకర పోయింది చూడు, మీ కాలేజీలో వంకర గీతలే నేర్పినారా?" అన్నాడు. "లేదన్నా, వంకర గీతలు కనిపెట్టేది నేర్పినారు, ఇది మీ లైను నుంచే వచ్చింది" అన్నాను. ఆయన వెళ్లాక నాకు నవ్వాగలేదు. ఆ సాయంత్రమే ఎవరికైనా చెప్పాలి కదా. నీకు రాసి, అది పోస్టులో పడి, నువ్వు చదివి, నీ జాబు నాకు చేరేసరికి నేను ఎందుకు నవ్వానో నాకే గుర్తుండదు. ఉత్తరంలో నవ్వు చల్లారిపోతుంది అత్తా.

ఇక్కడ నాలాంటి వాళ్లు లేరు. ఉన్నారేమో, నా దగ్గరికి రారు. చిన్నప్పుడు బళ్లో నా పక్క బెంచీ ఎందుకు ఖాళీగా ఉండేదో నాకు తెలుసు. ఇప్పుడు చీము లేదు. అయినా ఇక్కడా అంతే. మనుషులకు ఒకసారి అలవాటైన దూరం పోదనుకుంటా.

నా చెవికి వినికిడి వచ్చింది. నీకూ వస్తుంది. సాయంత్రం ఆరుకు ఫోన్ చేసి "అత్తా, విను" అంటే నువ్వు వినాలి. నేను అడిగేది అదొక్కటే.

ఫరీన్


యాడికి,
4–10–2023

పాపా,

నువ్వు నిజం రాయమంటివి కాబట్టి రాస్తాండా. తల తిరుగుతాండాది. పోయిన బేస్తవారం కొళాయి కాడ బిందె ఎత్తుతాంటే నేల ఒక పక్కకు లేచినట్లయ్యి పడిపోతి. బిందె సొట్ట పోయింది. నాకేమీ కాలేదు. నల్లమ్మ పరిగెత్తుకొచ్చి ఎత్తింది. ఎత్తి, కొంగు ముక్కుకు పెట్టుకుంది. పాపం మంచిదే, నన్ను ఇంటి దాకా వదిలిపెట్టింది.

ఆపరేషన్ చేయించుకుంటా. మీ నాయనకు కూడా చెప్పినా. కానీ ఒక మాట. డాక్టరమ్మతో నేనొక్కదాన్నే మాట్లాడాల. నువ్వు గది బయట ఉండాల. నువ్వుంటే అన్నీ నువ్వే అడుగుతావు, ఆమె నీకే జవాబు చెప్తాది, నేను మీ ఇద్దరి మూతులూ చూస్తా కూచోవాల. చెవి నాది గదా.

కోపం చేసుకోవద్దు. వచ్చేటప్పుడు నీకు శెనక్కాయల పొడి, నిమ్మకాయ ఊరగాయ తెస్తా. కంపెనీ అన్నం తిని బక్కపల్చగయ్యింటావు.

మీ అత్త


సోమందేపల్లె,
17 డిసెంబరు 2023

అత్తా,

నిన్ను యాడికి బస్సు ఎక్కించి వచ్చినప్పటి నుంచి గది మరీ పెద్దదైంది. ఆపరేషన్ అయ్యి కుట్లు విప్పాక నువ్వు మొదట చేసింది అద్దం అడిగి మూతి చూసుకోవడం. ఇటూ అటూ ఈల వేసినట్టు తిప్పి, "సక్కగుండాది, ఆంజినమ్మకు చూపిస్తా" అన్నావు. నర్సులందరూ నవ్వారు. నేను మాత్రం ఆ రోజు గది బయట నిలబెట్టినందుకు ఇంకా కొంచెం అలిగే ఉన్నాను.

డాక్టరమ్మ నాకు చెప్పినవి మళ్లీ రాస్తున్నాను, మర్చిపోవద్దు. చెవి వెనక ఎముక గీకి, లోపలంతా ఒకటే గది చేశారు. అది ఆరడానికి రెండు మూడు నెలలు పడుతుంది. వంగి బరువు ఎత్తొద్దు. నీళ్లు పోనివ్వొద్దు. ఎవరు చెప్పినా ఎల్లిగడ్డ నూనె పోసుకోవద్దు. ఆరు నెలలకోసారి వచ్చి శుభ్రం చేయించుకోవాలి, జీవితమంతా.

ఆసుపత్రికి ముందు నువ్వు నా హాస్టల్లో ఒక రోజు ఉన్నావు కదా. చూశావా, నేను రాసింది అబద్ధం కాదు. అన్నం దగ్గర నీ కుడి పక్కన నేను, అవతల గోడ. ఇంకెవరూ రాలేదు.

నాయన చేతికి ఫోన్ పంపుతున్నాను. అక్షరాలు పెద్దగా కనపడేది. నా పేరు ఎక్కించాను. కొత్త సంవత్సరం నుంచి రోజూ సాయంత్రం ఆరుకు చేస్తాను. పచ్చ గుండ్రాన్ని పక్కకు తోసి, ఎడమ చెవికి పెట్టుకోవడమే.

నీ
ఫరీన్


యాడికి,
9–1–2024

పాపా,

ఫోను మీ నాయన తెచ్చి ఇచ్చినాడు. బాగుండాది. గోడ గూట్లో పెట్టినా, దుమ్ము పడకుండా జాకెట్టు గుడ్డ కప్పినా. చెవి ఎండింది. చీము ఒక్క చుక్క లేదు. తల తిరగడం లేదు. నాలిక ఎడమ పక్క మాత్రం ఇనుము నాకినట్లుండాది, చింతపండు పులుపు ఒక పక్కే తెలుస్తాది. పోతాదిలే అని చెప్పింది డాక్టరమ్మ. ఎక్కువ సేపు వంగి రాయకూడదని ఇంతటితో నిలుపుతాండా.

మీ అత్త


సోమందేపల్లె,
25 ఫిబ్రవరి 2024

అత్తా,

ఈ ఉత్తరం మర్యాదగా మొదలుపెట్టడం నా వల్ల కాదు.

కొత్త సంవత్సరం నుంచి రోజూ ఫోన్ చేస్తున్నాను. పూర్తిగా మోగి ఆగిపోతుంది. మొదట్లో నీకు తోయడం రాలేదనుకున్నాను. నాయనను అడిగితే, "వచ్చు పాపా, నాకు తోసి చూపించింది గదా" అన్నాడు. చార్జింగ్ లేదేమో అనుకున్నాను. దినామూ పెడుతోందట. గూటి పక్కనే కూర్చుంటుందట. అంటే నేను చేస్తున్నానని తెలిసీ ఎత్తవు.

చెవి ఎండిందని నువ్వే రాశావు. ఫోను బాగుందని నువ్వే రాశావు. మరి ఎందుకు? ఆపరేషన్‌కు నేను బలవంతపెట్టానని కోపమా? లేకపోతే ఇన్నేళ్లూ నీకు నా మాటలు వినపడకపోవడమే సుఖంగా ఉండేదా?

మా కంపెనీ వెనక ఒక మిద్దె ఉంది. సిగ్నలు బాగుంటుందని సాయంత్రం అక్కడికి ఎక్కుతాను. అక్కడి నుంచి హైవే మీద లారీలు, ఆ పక్క బోడి గుట్టలు కనపడతాయి. ఇంకా ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు వస్తారు. వాళ్లు మాట్లాడుకుంటూ తిరుగుతారు. నేను ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడతాను. నీ ఫోన్ మోగడం వింటాను. ఎవరైనా చూస్తే మాట్లాడుతున్నాననుకోవాలని మధ్యలో తల ఊపుతాను. ఈ మంచి చెవితో నేను రోజూ వింటున్నది అదే.

నువ్వు రేపటి నుంచి ఎత్తకపోతే నేను చేయను. ఉత్తరమూ రాయను.

ఫరీన్


యాడికి,
8–3–2024

నా బంగారు పాపకు అత్త రాసేది. ఇది పెద్ద జాబు, కూచుని చదువు.

నాకు వినపడదు పాపా. ఎడమ చెవికి ఇంగ వినపడదు. ముందు ఉండీ లేనట్లుండిన రవ్వంతా ఆపరేషన్‌తో పోయింది. డాక్టరమ్మ తప్పు లేదు. ఆమె ముందే చెప్పింది. ఆ పొద్దు గదిలో నా కుడి చెవి కాడ నోరు పెట్టి, "కుళ్లు అంతా తీయాలంటే వినికిడి ఎముకలు కూడా తీయాల్సి వస్తుంది, ప్రాణానికి మంచిది, వినేదానికి కాదు" అని అరిచింది. ఎంత అరిచిందంటే బయట వరసలో కూచున్నోళ్లందరూ తెర ఎత్తి చూసినారు. నువ్వు ఆ తెర అవతలే ఉంటివి గదా, కొత్త చెవి పెట్టుకుని. నీకు తెలుసులే అనుకుంటి. తెలిసీ ఫోను పంపినావు అంటే, అత్తను తలుచుకుంటాండానని చెప్పడానికి పంపినావు అనుకుంటి. ఎడమ చెవికి పెట్టుకోమని రాసింది ఊరికే తమాషాకు అనుకుంటి.

దినామూ సాయంత్రం అది వెలుగుతాది. మీద నీ పేరు వస్తాది. ఎత్తితే ఆ వెలుగు పోతాది, మాటా రాదు. అందుకే ఎత్తలేదు. ఆరిపోయేదాకా పక్కనే కూచుని చూస్తా. ఆ పొద్దుకు చెయ్యి కడుక్కుని వచ్చి కూచుంటా. నువ్వు ఆడ మిద్దె మీద ఏడుపు మొగం పెట్టుకుని నిలబడినావని నాకెట్ల తెలుస్తాది?

నేను డాక్టరమ్మను వినపడతాదా అని అడగలేదు. ఆమే చెప్పింది. నేను అడిగింది ఒకటే. వాసన పోతాదా అని. నీ ముందర అడిగేదానికి సిగ్గయ్యింది, అందుకే నిన్ను బయట నిలబెడితి. పోతాది అనింది. అయితే చేయండి అంటి.

నా కుట్టు సన్నమని ఒంటిగా కుట్టమన్నారు అని రాస్తి గదా. నా కుట్టు ఏమంత సన్నం కాదు పాపా. వాళ్లు మంచోళ్లు, మనసు నొప్పించకుండా ఆ మాట అన్నారు. నేనూ మంచిదాన్నే, నమ్మినట్లుంటి. పెండ్లికి పోతే గాలి వచ్చే పక్క కూచోకుండా చూసుకుంటి. పురిటింట్లో బిడ్డను నా చేతికి ఇయ్యకముందే నేనే ఏదో పని ఉండాదని లేచి వస్తి. ఇట్ల ఎన్నేండ్లో.

సంక్రాంతి అయినాక నేనే సూది తీసుకుని పీర్ల చావిడికి పోతి. అరుగెక్కి ఆసియా పక్కన ఖాళీ ఉంటే కూచుంటి. ఎవరూ ఏమీ అనలేదు. నల్లమ్మ కొంగు తిక్కు చూసినా. ముక్కు కాడికి పోలేదు. రవ్వంత సేపటికి ఆసియా చీర అంచు నా తిక్కు జరిపి, ఈ మూల నీది అని చేత్తో చూపించింది. వాళ్లు ఏమేమో మాట్లాడుకుంటారు, నాకు సగం తెలీదు. నవ్వితే నేనూ నవ్వుతా. ఒక్కోసారి తప్పు చోట నవ్వితే దానికి ఇంగా నవ్వుతారు. నా కుట్టు దొడ్డుగా ఉందని నల్లమ్మ తిట్టింది కూడా. ఆ పొద్దు నాకు ఎంత సంతోషమో నీకు రాసి చెప్పలేను.

ఇంగ నీకు ఒక మాట. కోపం వచ్చినా చదువు. నేను మీ హాస్టల్‌కు వచ్చిన పొద్దు అన్నం దగ్గర నా పక్కన ఎవరూ రాలేదని రాస్తివి. నాకు వినపడదు గానీ కండ్లు ఉండాయి. ఆ రేఖ పిల్ల నిన్ను చూసి బల్ల మీద జరిగింది. చోటు చేసి, అన్నం తట్ట కూడా పక్కకు లాక్కుంది. నువ్వు ఆ తిక్కు చూడకుండా తట్ట ఎత్తుకుని సీదా కిటికీ కాడికి పోతివి. నేను నీ ఎనక వస్తి. ఆ పిల్ల రవ్వంత సేపు ఆ ఖాళీ పెట్టుకునే కూచునింది. నువ్వు అందరి కుట్లూ చూస్తావు, అది చూడలేదు. నీ చెవి ఎండి ఏడాది కావస్తాంది. ఎవరు దూరం కూచుంటాండారో సరిగ్గా చూడు.

మీ అత్త
మస్తానాబీ


సోమందేపల్లె,
24 మార్చి 2024

అత్తా,

నీ ఉత్తరం చదివి ముందు డాక్టరమ్మ మీద కోపం తెచ్చుకున్నాను, తర్వాత నీ మీద, ఆ తర్వాత ఇంకెవరూ మిగల్లేదు. ఆ రోజు నేను తెర అవతల లేను. నన్ను బయటికి పంపావని ఉడుక్కుని కింద బంకు దగ్గర టీ తాగుతున్నాను. అక్కడ కూడా ఒక మూల నిలబడి.

వాసన అని రాశావు. నీ ఒళ్లో పెరిగాను, నాకెప్పుడూ తెలియలేదు. ఇద్దరికీ ఒకటే వాసన, ఎవరిది ఎవరికి తెలుస్తుంది? నాకు నయమయ్యాక నువ్వు ఒక్కదానివే మిగిలావని నాకు తట్టలేదు. నీకు వినికిడి రావాలని కోరుకున్నది నా కోసమే. నీకు ఏం కావాలో అడగలేదు.

ఫోన్‌లో నీకు నా గొంతు ఇంక ఎప్పటికీ వినపడదు. ఈ మాట రాయడానికి రెండు రోజులు పట్టింది. బాధగా ఉంది. దాన్ని సర్దిచెప్పే మాటేదీ నా దగ్గర లేదు, నువ్వు కూడా వెతకొద్దు. ఆరుకు చేస్తాను. నువ్వు ఎత్తొద్దు.

నిన్న మధ్యాహ్నం కంచం తీసుకుని కిటికీ వైపు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగాను. రేఖ వాళ్ల బల్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. సంగటి ముద్ద చల్లారుతోంది. రేఖ తలెత్తి చూసింది.

"ఏమే, కిటికీ మీద అలిగినావా ఈ పొద్దు?"

"కొంచెం జరుగు" అన్నాను.

"నీకు మేము పనికిరామనుకుంటిమి. డిగ్రీ గదా" అని పక్కనున్న పిల్ల అంది. రేఖ దాన్ని మోచేత్తో పొడిచి జరిగింది. కూర్చున్నాను. కుడి పక్క ఒకరు, ఎడమ పక్క ఒకరు. మోచేయి పెట్టుకోవడానికి చోటు లేదు.

వాళ్లు వార్డెన్ మీద, నీళ్ల ట్యాంకరు మీద, ఎవరో వంట చేసేవాడి మీసాల మీద మాట్లాడారు. రేఖ చెప్పిందే మూడుసార్లు చెప్పింది. అన్నీ వినపడ్డాయి. నిజం చెప్పాలంటే నాకేం నచ్చలేదు అత్తా. అయినా తినడం అయ్యాక కూడా లేవలేదు.

ఫరీన్